గునుగు తొక్కకుండా కొండ దిగిన రోజు

రిటైరైన మాస్టారును పిల్లలు లెక్కలు అడుగుతారు. రిటైరైన పోలీసును దొంగల కథలు అడుగుతారు. రిటైరైన టెంపో డ్రైవర్‌ను మాత్రం "మామా, ఎంతమందిని గుద్దినవ్?" అని అడుగుతారు. ఎవరినీ గుద్దలేదంటే పాపం, వాళ్ల మొహాలు వాడిపోతాయి.

మా భివండీ పద్మనగర్ సందుల్లో బైకుల మీద పార్సెళ్లు పంచే పిల్లలారా, ఇది మీ కోసమే రాస్తున్నాను. నా సర్వీసు మొత్తంలో చెప్పుకోదగ్గ రోజు ఒక్కటే. ఆ రోజు నేను నడిపింది టెంపో కాదు, సైకిల్. నోటితో చెప్పబోతే సగంలోనే నవ్వొచ్చి ఆగిపోతున్నాను. మీ అత్త "ముందుగాల నవ్వుడన్న అయిపోగొట్టు, లేకుంటె చెప్పుడన్న ఆపు" అని విసుక్కుంటోంది. కాగితం మీదైతే నేనెంత నవ్వుకున్నా మీకు వినిపించదు.

నేను ఏళ్ల తరబడి గుడ్డ మోశాను. మరమగ్గాలను మనం సాంచాలంటాం, అవి ఉండే షెడ్డును కార్ఖానా అంటాం. ఆ సాంచాల మీంచి దిగిన రంగు వేయని గుడ్డను చుట్టలు చుట్టలుగా టెంపోలో వేసుకుని సేట్‌ల గోదాములకు చేర్చడం నా పని. కామత్‌ఘర్ సందుల్లో టెంపోను వెనక్కి తీయగలిగినవాడు లోకంలో ఎక్కడైనా బండి నడపగలడని మా ఉస్తాద్ అనేవాడు. ఆయన లోకమంటే పక్కనున్న ఠాణే ఊరి దాకా అనుకున్నాడేమో, కొండలను లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడటం మొదలైంది. సాంచాలను విప్పి భంగార్ కింద తూకానికి అమ్మేస్తున్నారు. మా వదినె కనేరిలో ఒక కార్ఖానాలో కండెలు చుట్టేది. పెళ్లయి భివండీ వచ్చిన ఏడాది నుంచీ అదే పని, అదే మూల, అదే కిటికీ. ఒకరోజు పొద్దున్నే పనికి వెళ్లేసరికి సాంచాలు లారీ ఎక్కుతున్నాయి. అక్కడే సాంచాలు నడిపే మా అన్న కూడా ఆమెతోపాటే ఇంటికి తిరిగొచ్చాడు. ఆ తర్వాత కూడా వదినె రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, పని చీర కట్టుకుని, మేముండే వరుస గదుల చాల్ గడపలో కూర్చునేది. "ఎవలన్న పిలుస్తరేమో" అనేది. ఎవరూ పిలిచేవారు కాదు. నేను టెంపో తీసుకుని ఆమె ముందు నుంచే వెళ్లాలి.

అలాంటి రోజుల్లో ఒక మేడం నా టెంపో కిరాయికి మాట్లాడుకుంది. ముంబై అమ్మాయి, పొట్టి జుట్టు, మోకాళ్ల నిండా పాత దెబ్బల మచ్చలు. షహాపూర్ అవతల భాత్సా నది లోయలో, టేకు అడవి మధ్య ఒక కొండ ఉంది. ఆ కొండ మీంచి సైకిళ్లు దిగడానికి ఆమె దారి తీయించింది. ఎక్కడానికి కాదు, దిగడానికి! సెలవు రోజుల్లో పట్నం పిల్లలు డబ్బు కట్టి మరీ ఆ దారిలో దిగుతారట. ఆ పిల్లలనూ సైకిళ్లనూ టెంపోలో కొండ మీదికి చేర్చి, ఖాళీ టెంపోతో కిందికి వచ్చి, మళ్లీ ఎక్కించుకుని పైకి తీసుకెళ్లాలి. "పైన దింపినవాళ్లను కిందనే దింపితే నాకు డీజిల్ మిగులుతుంది కదా మేడం" అన్నాను. ఆమె పడి పడి నవ్వింది. ఒక్కో సైకిల్ ఖరీదెంతో చెప్పింది. ఆ రోజు నా టెంపోను పొంగబోయే పాలగిన్నె మోసినట్టు నడిపాను.

వానలకు ఆ దారి గడ్డిలో మునిగిపోతుంది. ప్రతి ఏడూ వానలు వెనకపట్టాక బారెడు వెడల్పున గడ్డి కోసి, కొట్టుకుపోయిన మట్టి మళ్లీ పోసి దిమ్మిస కొట్టాలి. పనివాళ్లు దొరకడం లేదని మేడం అంది. నా దగ్గర ఉన్నారన్నాను. మర్నాడే వదినెనూ అన్ననూ, మూతపడ్డ ఆ కార్ఖానాలోనే పనిచేసిన మరికొందరు ఆడవాళ్లనూ టెంపో ఎక్కించాను. వదినె ఆ పని చీరలోనే వచ్చింది.

మేడం పెట్టిన ఒప్పందం తేలికైనది. దసరాలోగా దారి బాగు చేయాలి. అది చూసి కొండ కింద పాడా వాళ్లు, అంటే అక్కడి గూడెం వాళ్లు, సరేనంటే వచ్చే వానల దాకా ఈ గ్యాంగ్‌కే పని. ఆ పైన ప్రతి ఏడూ కూడా. వాళ్లు వద్దంటే దారీ లేదు, పనీ లేదు.

మొదటి రోజే మావాళ్లు లోయను బెదరగొట్టారు. సాంచాల మోతలో బతికినవాళ్ల గొంతు సంగతి మీకు తెలుసు. పక్కనున్న మనిషితో మాట్లాడినా నది అవతలి మనిషిని పిలిచినట్టే ఉంటుంది. "ఓ ఏమే, కొడవలి ఇటియ్యీ!" అని మా అన్న వదినెను మామూలుగా అడిగితే, చెట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. అన్నకు చెవులు సగం పోయాయి. కాబట్టి అతనికి చెప్పాలంటే చేతులతో చెప్పాలి. పిడికిలి పైకెత్తితే సాంచా ఆపమని. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. కార్ఖానాలో నేర్చిన ఈ సైగలే వాళ్లు కొండ మీద కూడా వాడేవాళ్లు. మేడం చెవుల్లో దూది పెట్టుకుని, "చాచా, వీళ్లు పోట్లాడుకుంటున్నారా?" అని నన్ను అడిగింది. "లేదు మేడం, మంచి చెడ్డ మాట్లాడుకుంటున్నారు" అన్నాను.

పాడాలో పెద్ద దిక్కు ఒక ముసలమ్మ. అందరికీ ఆజీ, అంటే అవ్వ. సన్నగా, నిటారుగా ఉంటుంది. పోయిన ఏడు ఆ దారిలోనే ఆమె వాగు నుంచి నీళ్లు తెస్తుంటే ఇద్దరు సైకిల్ పిల్లలు రివ్వున దూసుకొచ్చారట. ఆమె పక్కకు దూకింది గానీ బిందె వాగులోకి దొర్లిపోయింది. బిందె పోయినందుకు కాదు, ఆ పిల్లలు వెనక్కి తిరిగి చూడలేదని ఆమె కోపం. ఆ కోపం న్యాయమైనదే. మేడం చేతులు పట్టుకుని బతిమాలింది. ఈసారి మలుపులు మార్చాననీ, వాగు దగ్గర ఎవరైనా నెమ్మదిగానే వెళ్లాల్సి వస్తుందనీ చెప్పింది. అంతటితో ఊరుకోవచ్చు కదా! ఉత్సాహం పట్టలేక, "మా తాతయ్య కూడా కాలు కింద పెట్టకుండా దిగేంత మంచి దారి ఆజీ ఇది" అనేసింది.

"అయితే తాతను తీసుకురా" అంది ఆజీ.

"తాతయ్య లేరు ఆజీ, పోయారు."

"మరి ఇంకో తాతను తీసుకురా. కుర్రవాళ్లు చెట్టు మీంచైనా దిగుతారు. వయసు మళ్లినవాడు కాలు కింద పెట్టకుండా పై నుంచి వాగు దాకా దిగితే ఒప్పుకుంటా. పెడితే దారి మూసేస్తాం."

అందరూ చుట్టూ చూశారు. అంత మందిలో తల తెల్లబడింది మా అన్నకూ నాకూ మాత్రమే. మా అన్నకు ఆ మాట ఎలా వినిపించిందో గానీ, మా కళ్ల ముందే జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. మిగిలింది నా తల.

సాయంత్రం తిరిగొస్తుంటే వదినె ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమంటే పద్మనగర్‌లో కరెంటు పోయినట్టు. చివరికి మెల్లగా, అంటే ఎదురుగా వస్తున్న లారీ డ్రైవర్‌కు మాత్రమే వినిపించేలా అంది. "మరిదీ, మా అందరి పని నీ కాళ్ల మీద ఉన్నది. మంచిగ నేర్చుకో."

నేర్చుకున్నాను. కొండ కింద చదును నేల మీద మేడమే నేర్పింది. నేను ఎరిగిన సైకిల్ నల్లటి పెద్ద సైకిల్, వెనక క్యారియర్ మీద గుడ్డ మూట. ఇది అలా కాదు. ముందు చక్రానికి స్ప్రింగులు, సీటు కింద స్ప్రింగు, టైర్లు నా టెంపో స్టెప్నీకి తమ్ముళ్లు. బ్రేకును రెండు వేళ్లతో ముట్టుకుంటే చాలంది మేడం. నాకేమో బ్రేకు మీద నిలబడి బండి ఆపే అలవాటు. మొదటిసారి బ్రేకు నొక్కితే సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. గడ్డిలో పడ్డ నన్ను లేపి, "ముందు బ్రేకును ఎప్పుడూ గట్టిగా పట్టొద్దు చాచా" అని పాఠం చెప్పింది. పాఠం పడకముందు చెప్పాలని నేను ఆమెకు చెప్పాను.

ఇక గునుగు సంగతి. బతుకమ్మకు గునుగు పువ్వు కావాలని మీకు వేరే చెప్పాలా? భివండీలో ఆ పువ్వు కట్టలు కట్టి అమ్ముతారు, పిడికెడు కట్టకు పిడికెడు డబ్బు. అలాంటిది ఆ కొండ మీద ఏ వాలున చూసినా గునుగే. తెల్లగా, కొసన గులాబీ రంగు తిరిగి, గాలికి ఊగుతూ. వదినె మొదటిసారి చూసి కొడవలి కింద పడేసి, రెండు చేతులతో పువ్వులను కళ్లకద్దుకుంది. "అమ్మా, ఇన్నేండ్లు నిన్ను కొనుక్కున్న గదనే" అంది. మిగతా ఆడవాళ్లంతా అక్కడే చప్పట్లు కొడుతూ ఒక చుట్టు తిరిగేశారు. అటుగా వచ్చిన ఆజీ ఆ గోల చూసి నోరు తెరిచింది.

"అగ, హీ తర భాజీ ఆహే!" అంది. ఇది కూరాకే కదే అని. వాళ్లు లేత ఆకు వండుకుంటారట.

"భాజీ నాహీ, ఆమ్‌చీ దేవీ" అంది వదినె, తనకొచ్చిన మరాఠీలో. కూర కాదు, మా దేవత అని. ఆజీ తల పంకిస్తూ వెళ్లిపోయింది. కూరాకుకు మొక్కే జాతిని ఆమె అదివరకు చూసినట్టు లేదు.

మేడం ఆ వారం ఊళ్లో లేదు. గ్యాంగ్ పని ఎంతవరకు వచ్చిందో ఫోటోలు పంపమంది. పంపాం. "ఎంత అందంగా ఉంది, పక్కనంతా పువ్వులు!" అని జవాబు వచ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. నేను కింద టెంపో దగ్గర ఉండే మనిషిని. పువ్వులు పక్కన ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో నాకేం తెలుసు?

పరీక్ష రోజు సద్దుల బతుకమ్మకు ముందు రోజు పడింది. పొద్దున్నే పాడా అంతా వాగు ఒడ్డున చేరింది. ఆజీ ఒక బండ మీద కూర్చుంది. ఊరి నుంచి నేరుగా వాగు దగ్గరికే వచ్చిన మేడం కూడా అక్కడే నిలబడింది. గ్యాంగ్ వాళ్లు దారి పొడుగునా తలా ఒక మలుపు దగ్గర నిలబడ్డారు. కొండ మీద నేనొక్కణ్ణి. తలకు టోపీ, మోకాళ్లకు కట్లు, మోచేతులకు కట్లు. ఇంటిదాన్ని రావొద్దన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే దిష్టి తీసేది. కింద లోయ కనిపిస్తోంది. నది వెండి పట్టీలా మెరుస్తోంది. అంత ఎత్తు నుంచి అంత పచ్చదనం నా జన్మలో చూడలేదు. భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మా ఇలవేల్పుకు దండం పెట్టి, బ్రేకు వదిలాను.

మొదటి మలుపు వెన్నలా జారిపోయింది. మలుపు దగ్గర మావాళ్లు కట్టిన మట్టికట్ట సైకిల్‌ను ఎత్తి, తిప్పి, మెత్తగా కిందికి దింపింది. అబ్బ! నా కడుపులో ఏదో పైకి లేచింది. జాతరలో రంగులరాట్నం దిగేటప్పుడు లేస్తుందే, అదే. టేకు ఆకుల మధ్య నుంచి గాలి మొహాన కొడుతోంది. స్ప్రింగులు ఊయలలా ఊపుతున్నాయి. ఇన్నేళ్లు టెంపో నడిపి నేను ఏం నడిపినట్టు అనిపించింది. గట్టిగా "హో!" అని అరిచాను. లోయ తిరిగి "హో!" అంది.

రెండో మలుపులో మా అన్న నిలబడి ఉన్నాడు. పిడికిలి పైకెత్తాడు. సాంచా ఆపు! ఎందుకో అర్థం కాలేదు. మలుపు తిరిగాక అర్థమైంది. దారి నట్టనడుమ ఒక గునుగు దుబ్బు, పెళ్లికూతురిలా నిలబడి ఉంది. చుట్టూ గడ్డంతా నున్నగా కోశారు, దాన్ని మాత్రం ముట్టలేదు. తల తిప్పి చూస్తే ఆ ముందర ఇంకొకటి. ఆ ముందర ఇంకొకటి. బారెడు దారిలో ఎడమకొకటి, కుడికొకటి.

అప్పుడు పై వాలు నుంచి వదినె కేక వినిపించింది. "తొక్కకూ! పువ్వు తొక్కకు మరిదీ! ఇంక కొయ్యలేదు!"

వాళ్ల లెక్క వాళ్లకుంది. బతుకమ్మ పువ్వును గడ్డితోపాటు కోసి పారేస్తే కళ్లు పోతాయి. కాబట్టి వదిలేశారు. పరీక్ష అయిపోయాక అన్నీ ఒక్కసారే కోసుకుని, టెంపోలో వేసుకుని, నేరుగా పద్మనగర్ పోదామనుకున్నారు. ఆ పువ్వు మీదుగా సైకిల్ దిగాలన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. కార్ఖానాలో బతికినవాళ్లకు దారి అంటే నడిచేది. నడిచేవాడు పక్కనుంచి పోతాడు కదా!

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. కాలు పెడితే ఆజీకి కోపం, పువ్వు తొక్కితే వదినెకు కోపం. నేను ఎడమకు తిప్పాను, కుడికి తిప్పాను, మళ్లీ ఎడమకు. కామత్‌ఘర్ సందుల్లో హమాలీల మధ్య నుంచి, రిక్షాల మధ్య నుంచి, మేకల మధ్య నుంచి టెంపో దూర్చిన చేతులు ఇవి. వాటంతట అవే తిరుగుతున్నాయి. ఒక్కో దుబ్బు దాటగానే ఆ మలుపులో నిలబడ్డ ఆడవాళ్లు "దాటిండూ!" అని అరుస్తున్నారు. ఆ అరుపు కింది మలుపు వాళ్లు అందుకుంటున్నారు. కొంగలు మళ్లీ లేచిపోయాయి. నాకు నవ్వు మొదలైంది. భయానికో, సంతోషానికో, ఆ కేకలకో తెలియదు, ఆపుకోలేని నవ్వు. నవ్వుతూ, ఊగుతూ, కళ్లలో నీళ్లతో కొండ దిగుతున్నాను. అంత వయసొచ్చాక మనిషి అంతగా నవ్వొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

కింద వాగు కనిపించింది. ఆజీ కనిపించింది. గెలిచేశాననుకున్నాను.

ఆఖరి మలుపు తిరిగితే ఏముంది! దారి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గునుగే. కొండ మొత్తం మీద బాగా ఎదిగిన పువ్వు అక్కడే ఉందని, ఆశ కొద్దీ ఒక్క కొమ్మ కూడా ముట్టకుండా వదిలేశారు. ఎడమన బండ. కుడిన గడ్డి కట్ట, దాని కింద వాగు. ఆగితే కాలు పెట్టాలి. ముందుకు పోతే పువ్వు తొక్కాలి. ఆలోచించానని చెబితే అబద్ధం. వదినె మొహం ఒక్కటి మెదిలింది. హ్యాండిల్ కుడికి తిరిగింది.

గడ్డి కట్ట మీంచి సైకిల్ జారింది. నీళ్లు ఎగిరాయి. వాగు మీదికి వంగిన కానుగ కొమ్మ ఒకటి చేతికి దొరికితే, బిడ్డ తల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. చక్రాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని సైకిల్ నిలబడిపోయింది. నడుము దాకా నీళ్లు. నేను సీటు మీదే ఉన్నాను. కాళ్లు పెడల్స్ మీదే ఉన్నాయి. ఆ సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసు. నీళ్లు ఎర్రటి బురదలా ఉన్నాయి.

అందరూ ఒడ్డుకు పరుగెత్తుకొచ్చారు. ఆజీ బండ దిగి వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నీళ్లలోకి తొంగి చూసింది.

"పాయ్ దిసత్ నాహీత్" అంది. కాళ్లు కనబడటం లేదని.

"పెడల్ మీదనే ఉన్నాయి ఆజీ" అన్నాను. అలాంటి చోట నా మాట ఎవరు నమ్ముతారు? తేట పడేదాకా ఆగుదామంది ఆజీ. ఆగారు. పాడా మొత్తం, మా గ్యాంగ్ మొత్తం, మేడం, అందరూ వరుసగా ఒడ్డున వంగి, బురద పేరుకునేదాకా నీళ్లలోకి చూస్తూ నిలబడ్డారు. నేను కొమ్మ పట్టుకుని వేలాడుతున్నాను. చేప పిల్లలు వచ్చి పిక్కలు కొరుకుతున్నాయి. చక్కిలిగింతలు! నవ్వితే కాలు జారుతుంది. నవ్వకపోతే ప్రాణం పోయేలా ఉంది. మా అన్న ఒడ్డు మీంచి పిడికిలి పైకెత్తి చూపిస్తున్నాడు, కదలకని.

మెల్లగా నీళ్లు తేట పడ్డాయి. కుడి కాలు పెడల్ మీద, బూటుతో సహా. ఎడమ కాలు పెడల్ మీద, బూటు లేకుండా. బూటు ఎప్పుడో నది దారి పట్టింది. మా ఆడవాళ్లు వేసిన కేకకు పాడా కుక్కలన్నీ మొరగడం మొదలుపెట్టాయి.

కానీ మేడం కేక వేయలేదు. ఆమె కళ్లు నా మీద లేవు, ఆఖరి మలుపులో ఊగుతున్న గునుగు మీద ఉన్నాయి. మొహం ఎర్రబడింది. "ఇవి ఎవరు వదిలారు? బారెడు వెడల్పున మొత్తం కోయమన్నాను కదా. చాచాకు ఏమైనా అయితే?" అని హిందీలో గట్టిగా అడిగింది. ఆమె గట్టిగా అనడం అదే మొదటిసారి.

వదినె ముందుకు వచ్చింది. చేతిలో కొడవలి అలాగే ఉంది. "నేనే ఇడిసిన మేడం" అంది తెలుగులోనే. తర్వాత తనకొచ్చిన హిందీలో, మరాఠీలో, చేతులతో, పండుగ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గిపోయింది. మా వదినె గొంతు తగ్గడం నేను విన్నది అప్పుడే. పని పోయిందని ఆమెకు అర్థమైపోయింది. నాకూ అయింది.

అప్పుడు ఆజీ నావైపు తిరిగింది.

"ఆ పువ్వుల మీంచి వస్తే ఏమయ్యేది నీకు?"

"ఏమీ అయ్యేది కాదు ఆజీ. నేరుగా నీ దగ్గరికి దిగేవాణ్ణి."

"మరి ఎందుకు రాలేదు?"

ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పాను. "మా వదినె చంపేది."

ఆజీ నోట్లో మిగిలిన రెండు పళ్లూ కనబడేలా నవ్వింది. ఒడ్డు మీద కూలబడి, తొడ మీద చరుచుకుంటూ నవ్వింది. పాడా అంతా నవ్వింది. నవ్వు ఆగాక కొంగుతో కళ్లు తుడుచుకుని, మేడంతో మరాఠీలో ఒక మాట అంది. ఆ మాట నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "నా భయం దారి గురించి కాదు పోరీ. ఈ చక్రాలు ఎవరి కోసమూ ఆగవని. కూరాకు కోసం వాగులో దూకినవాడు బిందె ఎత్తుకున్న మనిషి కోసం ఆగడా? దారి ఉండనీ. కానీ ఈ అరిచేవాళ్లనే పెట్టు. మలుపుకు ఒకరు నిలబడి అరిస్తే, సైకిల్ వస్తోందని మా పాడా దాకా తెలుస్తుంది."

పిల్లలారా, మావాళ్ల గొంతు గురించి జీవితంలో ఎవరైనా మంచి మాట అనడం నేను విన్నది అప్పుడే. చాల్‌లో, బస్సులో, దవాఖానాలో, అంతటా "మెల్లగా మాట్లాడండి" అనిపించుకున్న గొంతులవి. ఆ సాంచాల మోత నుంచి మాకు మిగిలింది ఆ గొంతులే. వాటికి ఒక కొండ దొరికింది.

మేడం కాసేపు గునుగు వైపు, కాసేపు నా వైపు చూసింది. కొమ్మకు వేలాడుతున్న నన్ను చూస్తూ కోపం నిలుపుకోవడం ఎవరి వల్లా కాదు. పెదవి కొరుక్కుంది, అయినా నవ్వు వచ్చేసింది. తనే వదినె ఎదుటికి వచ్చి, "సరే భాభీ. మీ గ్యాంగే. రేపటి నుంచి వస్తారా?" అంది.

మా ఆడవాళ్లంతా ఒక్కసారి తలలూపారు. మా అన్నకు ఎవరో సైగ చేస్తే అతనూ ఊపాడు. వదినె మాత్రం ఊపలేదు. ఎన్ని నెలలు ఆ గడపలో కూర్చుంది, ఈ ఒక్క మాట కోసం! ఆమె కళ్లలో నీళ్లు తిరగడం వాగులోంచి కూడా నాకు కనిపించింది. చెంగుతో మొహం తుడుచుకుంది. కొడవలి ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది. ఆమె గొంతు మళ్లీ ఎప్పటిలాగే నది అవతలి ఒడ్డుకు వినిపించేలా లేచింది.

"రేపు రాము మేడం. రేపు మాకు పండుగ. పండుగ అయినంక వస్తం. గప్పటిదాంక మీరు ఆగాలె."

నేను ఇన్నేళ్లు ఎంతమంది సేట్‌ల దగ్గర గుడ్డ మోశానో. పనిచ్చే మనిషిని ఆగమని మాలో ఒకరు అనగా వినడం నాకు అదే మొదటిసారి. మేడంకు తెలుగు ఎంత అర్థమైందో తెలియదు. వదినె మొహం చూసి అంతా అర్థం చేసుకున్నట్టుంది.

"ఠీక్ హై" అంది. "ఆగుతాను."

అది విన్నాక, అప్పుడు నేను కాలు కింద పెట్టాను.